ఎన్-వన్ రక్తం

సూర్యం గారి రక్తం నార్మల్ అని సాక్షాత్తూ యూనివర్సిటీ వాళ్ళే తేల్చారు. ఆ సంగతి ఆయన బిలాస్‌పూర్‌లో చెప్పని చోటు లేదు. తోర్వా రోడ్డు మీద టీ కొట్టులో చెప్పాడు. లోకోషెడ్‌లో తనతో పాటే రిటైరైన శివాజీకి చెప్పాడు, చెప్పిన శివాజీకే పది రోజులాగి మళ్ళీ చెప్పాడు.

"మీ అందరికీ రత్తాలున్నాయి, ఏటి లాభం? నాది ఎన్-వన్. అంటే నార్మల్ నంబర్ వన్. నా రత్తం పక్కనెట్టి మిగతావోళ్ళ రత్తాలు సూస్తారు."

"అచ్ఛా! అయితే నీ ఫోటో కూడా గోడకెట్టీసేరేటి?" అన్నాడు శివాజీ. వెటకారాన్ని కూడా మెచ్చుకోలుగా తీసుకునే మనిషి సూర్యం. ఇంకా పెట్టలేదు గానీ పెడతారేమో అన్నట్టు తల ఊపాడు.

ఆయన తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో టెక్కలి దగ్గరి పల్లె నుంచి గ్యాంగుమన్ పనికి వచ్చాడు. తండ్రి ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. తను ముప్ఫై ఆరేళ్ళు ఎలక్ట్రిక్ షెడ్‌లో టెక్నీషియన్. మూడు తరాలు రైళ్ళకి సేవ చేసిన ఇంట్లో ఒక్కగానొక్క కూతురు తనూజ బయోకెమిస్ట్రీ అనే, ఇంట్లో ఎవరికీ నోరు తిరగని చదువులో పీహెచ్‌డీకి చేరింది. ఏం చదువుతోందో సూర్యానికి చివరిదాకా పూర్తిగా అర్థం కాలేదు. తన రక్తం అందులోకి వెళుతోందన్నది మాత్రం అర్థమైంది. ఆయనకి అది చాలు.

తనూజ పని సికిల్ సెల్ జబ్బు మీద. ఛత్తీస్‌గఢ్‌లో ఆ జబ్బు లేని పల్లె లేదు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయి, సన్నటి నాళాల్లో ఇరుక్కుని పగిలిపోతుంటాయి. నొప్పి ఎప్పుడు ముంచుకొస్తుందో తెలీదు. వచ్చిందంటే పదేళ్ళ పిల్లలు కూడా చచ్చిపోతే బాగుండునని ఏడుస్తారు. కణాలు పగిలినప్పుడు బయటపడే ఎర్రరంగు పదార్థాన్ని పట్టుకుని శరీరానికి హాని జరక్కుండా చూసే ప్రోటీన్ ఒకటుంది, దాని పేరు హాప్టోగ్లోబిన్. జబ్బున్న పిల్లల్లో అది ఖర్చయిపోయి అడుగు బొడుగు మిగులుతుంది. ఆ మిగిలింది ఎంతో కొలుస్తూ పోతే రాబోయే నొప్పిని ముందే పసిగట్టొచ్చా? ఇదీ తనూజ ప్రశ్న. మస్తూరీ ఆరోగ్య కేంద్రానికి వచ్చే ముప్ఫై మంది పిల్లల్ని ఎంచుకుని, ఏళ్ళ తరబడి వాళ్ళ రక్తం కొలవడం మొదలుపెట్టింది.

ఇక్కడ ల్యాబుల్లో ఒక అలవాటుంది. పరిశోధన పేపర్లలో ఎవరూ రాయరు గానీ అందరూ చేసేదే. రోగుల మీద పరిశోధన చేసేవాళ్ళకి రోగులు దొరుకుతారు, రోగం లేనివాడు దొరకడమే గగనం. ఒంట్లో బాగున్నవాడు పని మానుకుని వచ్చి సూది ఎందుకు పొడిపించుకుంటాడు? అందుకని నార్మల్ రక్తం కావాల్సి వస్తే పక్క బల్ల మీద కూర్చున్నవాడి చెయ్యి పట్టుకుంటారు. లేదంటే ఇంటికెళ్ళి అన్ననో, మొగుణ్ణో, తండ్రినో లాక్కొస్తారు. సికిల్ సెల్ లేదని ఒక పరీక్ష, కామెర్లు లేవని ఇంకో పరీక్ష, అంతే. నడుస్తున్నాడు, తింటున్నాడు, జోకులేస్తున్నాడు, కాబట్టి నార్మల్.

అలా సూర్యం ఎన్-వన్ అయ్యాడు. మిగతా నార్మల్ వాళ్ళు ఎన్-టూ నుంచి ఎన్-ట్వెంటీ దాకా ఒకటి రెండుసార్లు ఇచ్చి మాయమయ్యారు. ఎన్-వన్ మాత్రం ప్రతిసారీ ఉండాలన్నారు తనూజ గైడు వేణుగోపాల్ గారు. ఆయన గుంటూరు వైపు మనిషి, పాతికేళ్ళుగా ఇక్కడే ప్రొఫెసరు. "ప్రతి జెల్‌లోనూ మొదటి లేన్‌లో అదే మనిషి ఉంటే, ఈ నెల జెల్‌ని పోయిన నెల జెల్‌తో పోల్చుకోవచ్చమ్మా. తూకంరాయి మారకూడదు," అన్నారు. రోగుల ప్రోటీన్ ఎంత వచ్చినా దాన్ని ఎన్-వన్ లేన్ మొత్తంతో భాగించి రాయాలి. మంచి పద్ధతే. తూకంరాయి అరగదు, పెరగదు అనుకున్నంత కాలం మంచి పద్ధతే.

జెల్ అంటే చెయ్యంత వెడల్పున్న పల్చటి జిగురు పలక. దాని అంచున వరుసగా గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన రక్తపు నీరు, ఒక చుక్క వేసి కరెంటు పెడితే, ప్రోటీన్లు విడివిడిగా కిందికి పరిగెడతాయి. తర్వాత నీలం రంగు పట్టిస్తే ఒక్కో మనిషికి ఒక్కో నిచ్చెన కనిపిస్తుంది. గుంట నుంచి కిందికి దిగే ఆ దారినే లేన్ అంటారు. తనూజకి కావాల్సిన గీత సరిగ్గా నిచ్చెన మధ్యలో ఉంటుంది.

మస్తూరీలో రక్తం తీసే సోమవారం అంటే సూర్యానికి డ్యూటీ ఉన్నట్టే. పొద్దున్నే తనూజ స్కూటీ మీద ఐసు పెట్టెతో వెళ్ళి, పిల్లల రక్తం తీసుకుని పన్నెండింటికి ల్యాబుకి వచ్చేది. అప్పటికే ఇస్త్రీ చొక్కాతో, పరగడుపున, మెట్ల మీద కూర్చుని ఉండేవాడు సూర్యం. టీ కూడా తాగేవాడు కాదు. షెడ్ రోజుల నుంచీ శనివారం శనివారం శివాజీతో కలిసి రెండు పెగ్గులు వేసే అలవాటుండేది, అది కూడా మానేశాడు.

"నీ నార్మల్ పాడైపోద్దేమోనని," అన్నాడు కూతురుతో.

"అంత అక్కర్లేదు నాన్నా. రెండ్రోజుల ముందు ఆపితే చాలు."

"వొద్దులే. ఇంజన్లో ఏది పడితే అది పోస్తే తిన్నగా నడుస్తాదేటి?"

ఆయన భార్య మంగాయమ్మ దేవుడి గూటికి దణ్ణం పెట్టింది. "ముప్పయ్యేళ్ళు నేను ఏడిసినా మాననోరు, దాని సూదికి మానీసేరు. ఏ సదువైతే ఏటి, మంచి సదువే."

ఇలా రెండేళ్ళు గడిచాయి. మధ్యలో కరోనా వచ్చి పోయింది. 2021 ఆగస్టులో, పద్నాలుగో జెల్ మీద, ఎన్-వన్ లేన్ పైభాగంలో తనూజకి ఒక సన్నటి గీత కనిపించింది. అంతకు ముందు అక్కడ లేత నీలం మసక తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ మసకలో పెన్సిలుతో గీసినట్టు ఒక అడ్డగీత. తనూజ దాన్ని చూసింది. చూడలేదని తర్వాత ఎప్పుడూ అనలేకపోవడానికి కారణం, చూసినట్టు నోట్‌బుక్‌లో తన చేత్తోనే రాసి పెట్టుకోవడమే: "ఎన్-వన్‌లో పైన ఒక గీత ఎక్కువ. ఫైబ్రినోజెన్ అయ్యుండొచ్చు. మనకి సంబంధం లేదు."

ఫైబ్రినోజెన్ అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రోటీన్. అందరి ప్లాస్మాలోనూ ఉంటుంది, గీత కూడా దాదాపు అక్కడే పడుతుంది. తనూజది తెలివితక్కువ ఊహ కాదు, చదువుకున్నవాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన ఊహ. ఏమీ తెలియనివాడైతే "ఇదేంటి కొత్తగా?" అని అడిగి ఉండేవాడు. తెలిసినవాళ్ళ దగ్గర ప్రతిదానికీ ఒక పేరు సిద్ధంగా ఉంటుంది, పేరు పెట్టేశాక దాని జోలికి వెళ్ళరు.

గీత పోలేదు. నాలుగైదు నెలలకి కాస్త లావెక్కింది. అప్పుడు గైడు గారికి చూపించింది.

"సర్, ఎన్-వన్‌లో పైన ఏదో వస్తోంది."

"పేషెంట్లలో ఉందా?"

"పల్చగా ఉంది సర్. ఇంత లేదు."

"మనకి కావాల్సింది ఎక్కడుంది?"

"మధ్యలో."

"అయితే మధ్యలో చూడమ్మా," అన్నారాయన, ఫోన్ మోగుతుంటే తీసుకుంటూ.

పేపర్ రాసే రోజు వచ్చింది. బొమ్మలో జెల్ మొత్తం పెడితే పైన ఆ గీత కొట్టొచ్చినట్టు కనబడుతోంది. వేణుగోపాల్ గారు స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇక్కణ్ణుంచి ఇక్కడికి కత్తిరించెయ్. అక్కర్లేనిది చూపిస్తే అక్కర్లేని ప్రశ్నలు అడుగుతారు," అన్నారు. ఇందులో మోసం ఏమీ లేదు. ఆ రంగంలో అందరూ తమకి కావాల్సిన గీత వరకే కత్తిరించి అచ్చు వేస్తారు. తనూజ కత్తిరించింది. మధ్యలో రెండు వేళ్ళ వెడల్పు ముక్క మిగిలింది, తలా పాదాలూ లేకుండా.

2023లో పేపరు అచ్చయింది. సికిల్ సెల్ పిల్లల్లో హాప్టోగ్లోబిన్ ఏటేటా కొద్దికొద్దిగా తగ్గుతోందనీ, ఆ తగ్గుదలని బట్టి ముందు ముందు నొప్పులు ఎంత తీవ్రంగా వస్తాయో చెప్పొచ్చనీ దాని సారాంశం. ఇంతవరకూ ఎవరూ చెప్పని మాట. వేణుగోపాల్ గారు ల్యాబులో అందరికీ సమోసాలు తెప్పించారు. తనూజ మస్తూరీ వెళ్ళి, ఆ పిల్లల తల్లులకి తనకొచ్చిన ఛత్తీస్‌గఢీలో, ఇంకొన్నాళ్ళలో నొప్పి వచ్చేముందే చెప్పగలం అని చెప్పింది. సూర్యం పేపరు కాపీ లామినేషన్ చేయించి, శివాజీకి చూపించాడు. ఇంగ్లీషు చదవడం రాని శివాజీ, "ఇందులో నీ పేరేదీ?" అని అడిగితే, ఎన్-వన్ అని రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు.

2024 చలికాలంలో సూర్యానికి నడుం నొప్పి మొదలైంది. మొదట నడుం, తర్వాత పక్కటెముకలు. రాత్రి అటు తిరిగితే ఇటు తిరగలేడు. మంగాయమ్మ ఉప్పు మూట వెచ్చబెట్టి కాపడం పెట్టేది. శివాజీ తను వాడే నొప్పి బిళ్ళలు తెచ్చి ఇచ్చాడు. సూర్యం పుచ్చుకోలేదు.

"మందు రత్తంలోకి ఎల్లిపోద్ది. మొన్న దానికి ఏదో జెల్లు సెడిపోయిందని బెంగెట్టుకుంది. నా వల్ల ఇంకోటి సెడిపోవాలేటి? ఏప్రిల్‌తో అయిపోద్దంట సదువు. అప్పుడు డాకటేరుని సూసుకుందాం. దానికి మాత్రం సెప్పీకు."

మంగాయమ్మ చెప్పలేదు. తనూజ మాత్రం, ఆయన స్కూటర్ దిగేటప్పుడు ముఖం చిట్లించడం చూసింది. "ఏమైంది నాన్నా?" అంటే "సీటు బావునేదు, మార్పించాలి," అన్నాడు. సరే అనుకుని చెయ్యి చాపించి, రక్తం తీసుకుంది. నాలుగు నెలలు ఆ మనిషి ఒక్క బిళ్ళ వేసుకోకుండా, పళ్ళు బిగబట్టి, కూతురి చదువు కోసం నార్మల్‌గా ఉన్నాడు.

మార్చిలో ఎండలు ముదిరాక, కూలర్‌లో నీళ్ళు పోద్దామని బకెట్టు ఎత్తాడు. నడుంలో ఏదో ఫట్‌మంది. అక్కడే కూలబడిపోయాడు. ఎక్స్‌రేలో వెన్నుపూస ఒకటి నలిగిపోయి ఉంది. బకెట్టు ఎత్తితే విరిగే వెన్నుపూస కాదు ఇది అని రాయపూర్ పంపారు.

రాయపూర్ డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. తనూజని విడిగా కూర్చోబెట్టి హిందీలో చెప్పాడు. ఎముక మూలుగలో కేన్సర్. మైలోమా అంటారు. మూలుగలో ఒక జాతి కణం అదుపు తప్పి, ఒకే రకం ప్రోటీన్‌ని కుప్పలు తెప్పలుగా తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. ఎముకలు గుల్లబారుతాయి. ఆ ప్రోటీన్ వడకట్టలేక కిడ్నీలు చెడిపోతాయి. ఈయన కిడ్నీలు రెండూ ఇప్పటికే పోయాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పదు, గుండె కూడా బలహీనంగా ఉంది కాబట్టి గట్టి మందులు తట్టుకోలేరు. ఏడాది అని చెప్పలేం, నెలలు అనుకోండి.

మాట్లాడుతూ ఒక కాగితం ఆమె ముందుకి జరిపాడు. రక్తంలో ప్రోటీన్లు విడగొట్టిన పరీక్ష. లేత నీలం లేన్, పైభాగంలో, ఎవరో బ్రష్షుతో గీసినట్టు, ఒక దట్టమైన అడ్డగీత.

తనూజకి ఆ గీత తెలుసు. అది ఎంత దూరంలో ఉంటుందో, దాని అంచులు ఎలా ఉంటాయో కూడా తెలుసు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఇది ఎప్పట్నుంచి ఉండొచ్చు?"

"మూడు నాలుగేళ్ళ నుంచి ఉండొచ్చు. మొదట్లో ఏ బాధా ఉండదు, సన్నటి గీత ఒక్కటే ఉంటుంది. అప్పుడే తెలిసి ఉంటే మూడు నెలలకోసారి చూసుకుంటూ, ముదిరే సూచన కనబడగానే మందు మొదలుపెట్టేవాళ్ళం. కిడ్నీలు దక్కేవి. మందులతో చాలా ఏళ్ళు బతుకుతున్నారు." ఆమె ముఖం చూసి ఓదారుద్దామనుకున్నాడు పాపం. "మీరు బాధపడకండి. మీ తప్పేం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ పరీక్ష ఎవరు చేయిస్తారు చెప్పండి?"

ఆ పరీక్ష తనూజ నలభై ఒక్కసార్లు చేసింది.

మర్నాడు పొద్దున్న మొదటి రైల్లో బిలాస్‌పూర్ వచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా స్టేషన్ నుంచి నేరుగా ల్యాబుకి పోయింది. సెల్లోఫేన్ కాగితాల మధ్య ఎండబెట్టి, తారీఖులు రాసి, ఫైళ్ళలో దాచిన జెల్స్ అన్నీ తీసింది. పొడవాటి బల్ల మీద వరుసగా పరిచింది. జూనియర్ స్వాతి ఏమిటక్కా అని దగ్గరికి రాబోయి, ఆమె ముఖం చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

మొదటి లేన్ ఒక్కటే చూసుకుంటూ బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. పదమూడు దాకా ఏమీ లేదు. పద్నాలుగులో పెన్సిలు గీత. ఇరవైలో పెన్ను గీత. ముప్ఫైలో స్కెచ్ పెన్ను. నలభై ఒకటిలో గీత పక్కన మిగతా నిచ్చెన వెలవెలబోతోంది. నాన్న చావు పద్ధతిగా, తారీఖులతో సహా, తన దస్తూరీతో రికార్డయి ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పక్కింటి నుంచి మస్తూరీ దాకా జబ్బులు వెతికింది తను. కన్నతండ్రి లేన్ మీదకి చూపు పోలేదు. పోలేదనడం అబద్ధం. పోయింది, చూసింది, రాసింది, కత్తిరించింది.

అక్కడితో అయినా బాగుండేది. గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకా మిగిలే ఉంది. జెల్స్ మీద వంగి ఉండగానే తనూజకి ఇంకొకటి తట్టింది. నిలబడ్డ చోటే కళ్ళు మూసుకుంది. గీతని బొమ్మలోంచి కత్తిరించింది గానీ, లెక్కలోంచి కత్తిరించడం మర్చిపోయింది. రోగుల ప్రోటీన్‌ని ఎన్-వన్ లేన్ మొత్తంతో భాగించింది, ఆ మొత్తంలో ఈ గీత కూడా ఉంది. భాగించేది పెరిగితే వచ్చేది తగ్గుతుంది. ఐదో తరగతి లెక్క.

కంప్యూటర్ ముందు కూర్చుని, ఎన్-వన్‌ని తీసేసి, రోగుల అంకెలు ఉన్నవి ఉన్నట్టు గీసి చూసింది. గ్రాఫ్ నేల మీద పరిచిన చాపలా బల్లపరుపుగా వచ్చింది. మస్తూరీ పిల్లల్లో మూడేళ్ళుగా ఏదీ తగ్గలేదు. నాన్న రక్తంలో పెరిగింది, అంతే. తన పేపరు, తన పేరు, సమోసాలు, ఆ తల్లులకి ఇచ్చిన మాట, అన్నీ కలిపి ఒక్కటే: నాన్న రోగం పెరగడాన్ని తలకిందులుగా రాసి, దానికి కొత్త సంగతి అని పేరు పెట్టింది.

ఎప్పుడొచ్చారో వేణుగోపాల్ గారు, బల్ల పక్కన నిలబడి ఉన్నారు. తనూజ చెప్పింది. రాయపూర్ కాగితం ఫోటో చూపించింది. గ్రాఫ్ చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, స్టూలు మీద కూర్చుండిపోయారు.

"నువ్వు నాకు చూపించావు కదమ్మా," అన్నారు చివరికి. "మధ్యలో చూడమన్నాను."

"ఫైబ్రినోజెన్ అని రాసుకుంది నేనే సర్."

"పేపరు వెనక్కి తీసుకోవాలి. జర్నల్ వాళ్ళకి ఉత్తరం నేను రాస్తాను. థీసిస్..." ఆయన ఆగారు. "ఎన్-టూ నుంచి ఎవరినైనా తీసుకుని మళ్ళీ వేద్దామా?"

"పిల్లల ప్లాస్మా ఎక్కడుంది సర్? అంతా వాడేశాం."

ఆయన తల దించుకున్నారు. చెడ్డమనిషి కాదు. చెడ్డవాళ్ళయితే తనూజకి తిట్టుకోవడానికైనా ఎవరో ఒకరు దొరికేవారు. "నువ్వు ముందు ఇంటికెళ్ళు. మీ నాన్నగారి దగ్గర ఉండు," అన్నారు.

నాలుగు రోజుల తర్వాత సూర్యాన్ని ఇంటికి తెచ్చారు. ముందు గదిలో మంచం వేశారు. చేతికి డయాలసిస్ కోసం పెట్టిన కట్టు. ముఖం పాలిపోయి, చెంపలు లోపలికి పోయి, గుర్తుపట్టడమే కష్టంగా ఉన్నాడు. జబ్బు పేరు ఆయనకి చెప్పారు గానీ, మిగతాది చెప్పలేదు. మధ్యాహ్నం శివాజీ వచ్చి కూర్చున్నాడు. జోకు వెయ్యబోయి, మానేసి, "పడుకోరా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

సూర్యం కూతుర్ని పిలిచాడు. "వొచ్చే సోమారం మస్తూరీ ఉంది కదమ్మా. నేనెలా రాను మరి? నువ్వే ఇక్కడికొచ్చి తీసుకెల్లిపో. మందులు పడ్డాయి గాని, పరవానేదంటే సెప్పు."

చెప్పకపోతే జీవితాంతం ఈ మంచం పక్కనే నిలబడిపోతానని తనూజకి అర్థమైంది. చెప్పడం ఆయన కోసం కాదు, తన కోసమే. అది కూడా తెలుసు. తెలిసే మంచం అంచున కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది. గీత సంగతి చెప్పింది. ఎప్పుడు మొదట కనబడిందో చెప్పింది. దానికి తనేం పేరు పెట్టిందో, ఎందుకు కత్తిరించిందో చెప్పింది. డాక్టరు, అప్పుడే తెలిసి ఉంటే అన్నదీ దాచలేదు. లెక్క ఎలా తలకిందులైందో, పేపరు వెనక్కి ఎందుకు పోతోందో చెప్పింది. తెలుగులో మొదలెట్టి హిందీలోకి పోయి, మళ్ళీ తెలుగులోకి వచ్చింది. ఏడుపు రాలేదు. రానందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వంటింటి గుమ్మంలో మంగాయమ్మ నిలబడి ఉంది. చేతిలో జావ గిన్నె.

"సూసేవా?" అంది. "సూసి ఊరుకున్నావా?"

"అమ్మా, అది ఫైబ్రినోజెన్ అనుకున్నానే..."

"ఏటో నాకు తెల్దు. మీ నాన్న రత్తంలో కొత్తగా ఏదో కనబడింది. ఇంటికొచ్చి, నాన్నా ఇలాగుంది, ఓపాలి సూపించుకో అని ఒక్క ముక్క అన్నేకపోయేవా? రోజూ నా సేతి కూడే తిని ఎల్లేవు కదే. మూడేళ్ళు."

నోట్‌బుక్‌లో రాసింది ఇంట్లో ఎందుకు చెప్పలేదు? ఇంట్లో ఉన్నది నాన్న. ల్యాబులో ఉన్నది ఎన్-వన్. ఆ ఇద్దరూ ఒకరేనని, నలభై ఒక్కసార్లు ఆ చెయ్యి పట్టుకుని సూది గుచ్చినా, తనూజకి ఒక్కసారి కూడా తట్టలేదు. ఈ మాట తల్లికి ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. మంగాయమ్మ జావ గిన్నె బల్ల మీద పెట్టి, కూతురి ముఖం వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె తనూజతో అవసరానికి మించి మాట్లాడలేదు.

సూర్యం పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. తిడతాడేమోనని తనూజ ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"అయితే నేను నార్మల్ కాదన్నమాట," అన్నాడు సూర్యం.

"నాన్నా..."

"ఆరేళ్ళ సదువు. మొత్తం పోయిందేటి?"

"చదువు సంగతి ఇప్పుడెందుకు నాన్నా? నేను చూశాను. చూసి కూడా..."

ఆయన వినిపించుకోలేదు. కట్టు లేని చేత్తో తడుముకుంటూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. ముప్ఫై ఆరేళ్ళ నౌకరీలో ఒక్క మెమో తీసుకోని మనిషి, పై ఆఫీసరు ముందు తప్పు ఒప్పుకుంటున్నట్టు మాట్లాడాడు.

"నాకు తెల్దమ్మా. తెలిస్తే ముందే సెప్పీసేవోణ్ణి, ఇంకొకర్ని సూసుకో అని. బాగానే ఉన్నాననుకున్నాను. నీకు తప్పుడు రత్తం ఇచ్చీసేను. మాఫ్ చెయ్యమ్మా."

క్షమించమని అడగడానికే తనూజ ఆ మంచం మీద కూర్చుంది. ఆ మాట కూడా ఆయనే అనేశాడు.